కుక్కపిల్ల గడప దాటకముందే: ఇంటినీ వేళలనూ సిద్ధం చేసుకునే విధానం

కుక్కపిల్లను తెచ్చుకోవాలని అనుకోగానే మనవాళ్లు ముందుగా గొలుసు, మెడపట్టీ, స్టీలు గిన్నె కొంటారు. మా ఇంట్లోనూ మొదటిసారి అదే జరిగింది. నెల్లూరులోని మా డాబా ఇంటికి పిల్ల వచ్చేనాటికి సామాను అంతా సిద్ధంగా ఉంది గానీ, తెల్లవారుజామున దాన్ని బయటికి తీసుకుపోయేది ఎవరో, మధ్యాహ్నం తిండి పెట్టేది ఎవరో మాలో ఒక్కరమూ అనుకోలేదు. అమ్మ పెట్టి ఉంటుందని నేను, నేను పెట్టి ఉంటానని అమ్మ ఊరుకున్న పూటలున్నాయి. ఇద్దరం పెట్టి దాని కడుపు చెడగొట్టిన పూటలూ ఉన్నాయి. గిన్నె, గొలుసు గంటలో కొనుక్కోవచ్చు గానీ వేళలు కుదరడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ వేళలను పిల్ల రాకముందే ఇంటిల్లిపాదీ ఒప్పుకుని ఉండాలి. అందువల్ల ఇక్కడ కొనుగోళ్ల సంగతి తక్కువగా, వేళల సంగతి ఎక్కువగా రాస్తున్నాను.

నెల ముందు తేల్చుకోవలసినవి

మొదట ఇంటి పెద్దల మాట వినాలి. “తెస్తే తెచ్చావు గానీ, వంటింటి గడప మాత్రం దాటనీబాకరా” అని మా అమ్మ ముందే చెప్పింది. ఇటువంటి షరతులను పిల్ల రాకముందే అడిగి తెలుసుకోవడం మంచిది. పూజగదిలోకి రావచ్చా, మంచం ఎక్కవచ్చా, రాత్రి ఇంట్లో పడుకుంటుందా వసారాలోనా అన్నవి ముందే తేలాలి. మొదటి వారం ముద్దు చేసి మంచం మీద పడుకోబెట్టి, రెండవ వారం దింపేస్తే తప్పు ఎక్కడ జరిగిందో ఆ పిల్లకు తెలియదు.

తరువాత, ఎవరు ఏ పని చేస్తారో పంచుకోవాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగానికి వెళ్లి, పిల్లలు బడికి పోయి, ఇల్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తాళం వేసి ఉండే ఇంటికి రెండు నెలల పిల్లను తేవడం నాకు సమ్మతం కాదు. ఆ వయసు పిల్ల పగటిపూట రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు, అంతకంటే ఎక్కువసేపు ఒంటరిగానూ ఉండలేదు. ఇంట్లో ఎవరో ఒకరు కనీసం మొదటి పది రోజులు సెలవు పెట్టుకోవడానికి వీలుంటేనే ముందుకు వెళ్లండి.

ఏ నెలలో తేవాలన్నది మన జిల్లాలకు ప్రత్యేకమైన ప్రశ్న. రోహిణి కార్తెలో నెల్లూరు, ఒంగోలు ఎలా మండిపోతాయో చెప్పనక్కరలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు ఉంటాయి. మధ్యలో దీపావళి టపాసులు పేలుతాయి. నా లెక్కలో సంక్రాంతి వెళ్లిన తరువాతి రోజులు అన్నిటికంటే అనువైనవి. జనవరి నెలాఖరులో రెండు నెలల పిల్లను తెచ్చుకుంటే, దాని టీకాల వరుస మార్చి నెలాఖరుకు పూర్తవుతుంది, అసలు ఎండలు ముదిరేసరికి అది కాస్త బలం పుంజుకుంటుంది.

జాతి విషయంలో ఒక మాట. ఒత్తయిన బొచ్చున్న హస్కీనీ, మూతి చప్పిడిగా ఉండే పగ్‌నూ మన ఎండలకు తెచ్చిపెట్టడం వాటికి శిక్ష. వీధిలో పుట్టిన నాటుకుక్క పిల్లకు పొట్టి వెంట్రుకలు, ఈ వాతావరణానికి అలవాటు పడిన ఒళ్లు పుట్టుకతోనే వస్తాయి. గిత్తల విషయంలో నాటుజాతిని నెత్తిన పెట్టుకునే ఒంగోలు సీమవాళ్లం కుక్కల దగ్గరికి వచ్చేసరికి పరాయి జాతికి ఎందుకు ఎగబడతామో నాకు అర్థం కాదు.

ఏ జాతి అయినా ఎనిమిది వారాలు నిండనిదే తల్లి నుంచి వేరు చేయకూడదు. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు కూడా అంతకంటే చిన్న పిల్లలను అమ్మరాదని చెబుతున్నాయి. అయినా అమ్మేవాళ్ల నోట “నలభై అయిదు రోజులు” అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. మా మొదటి పిల్లను అమ్మిన మనిషి అదే చెప్పాడు. పశువైద్యుడు నోరు తెరిచి చూసి, దానికి అయిదు వారాలు కూడా నిండలేదన్నారు. కొనేటప్పుడు మీరూ పళ్లు చూడండి. ఎనిమిది వారాలకు పాలపళ్లు మొత్తం 28 దాదాపుగా వచ్చేసి ఉంటాయి, వెనుక దవడలు బోసిగా ఉంటే వయసు తక్కువని అర్థం. తల్లిని చూపించమని అడగండి. చూపించని చోట కొనకండి.

వారం ముందు: నేల మీద బోర్లా పడుకుని చూడడం

ఇంటిని సిద్ధం చేయడానికి నాకు తెలిసిన ఉత్తమ మార్గం ఇది: ప్రతి గదిలోనూ గడ్డం నేలకు ఆనేటట్టు బోర్లా పడుకుని, చేతిలో టార్చి పట్టుకుని, కుక్కపిల్ల కంటి ఎత్తు నుంచి ఇంటిని చూడాలి. రెండవసారి పిల్లను తెచ్చేముందు నేను అలా చూసినప్పుడు బీరువా కింద సగం కరిగిన కలరా ఉండ ఒకటి, ఫ్రిజ్ వెనుక ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ఎలుకల మందు బిళ్ల, మంచం కింద దోమల చక్రం ముక్క, రెండు జడపిన్నులు, గోడ వెంట వేలాడుతున్న ఎయిర్ కూలరు తీగ కనిపించాయి. నిలబడి ఊడ్చినన్నాళ్లూ వీటిలో ఒక్కటీ మా కంట పడలేదు.

కలరా ఉండల్లోని నాఫ్తలిన్ కుక్క ఒంట్లోని ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. మామూలుగా దొరికే ఎలుకల మందులు చాలావరకు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. తిన్న రోజున కుక్క హుషారుగానే ఉంటుంది, రెండు మూడు రోజుల తరువాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. కాబట్టి పిల్ల దాన్ని నాకిందన్న అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా, మందు డబ్బా చేతపట్టుకుని వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. బొద్దింకల కోసం గోడవార గీసే సుద్దముక్కలనూ ఆపేయండి. ఫినాయిల్ సంగతి మనవాళ్లు పట్టించుకోరు. పిల్ల తడినేల మీద నడిచి, తరువాత పాదాలు నాక్కుంటుంది, దాంతో నేల మీద ఉన్నదంతా కడుపులోకి పోతుంది. పిల్ల తిరిగే గదులను కొన్నాళ్లు మామూలు నీళ్లతోనో, కొద్దిగా సబ్బు కలిపిన నీళ్లతోనో తుడిచి, పూర్తిగా ఆరాకే లోపలికి వదలాలి.

వ్యవసాయం ఉన్న ఇళ్లకు ఇంకో జాగ్రత్త అవసరం. ప్రకాశంలో మిరప, పత్తి, పొగాకు వేసేవారి పంచలో పురుగుమందు డబ్బాలు, కొట్టే పంపు, ఆ పనికి కట్టుకున్న బట్టలు ఉంటాయి. నెల్లూరు వైపు రొయ్యల గుంటలున్నవారి దగ్గర గుంటల్లో చల్లే మందుల సంచులు ఉంటాయి. వీటన్నిటినీ తలుపూ గడియా ఉన్న కొట్టంలోకి మార్చాలి. పెరట్లో గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త ఉంటే పిల్ల అటు పోకుండా దడి కట్టాలి. ఆముదం గింజలు రాలే చోట రోజూ ఊడ్చాలి. కుండీలోని మనీప్లాంటు ప్రాణం తీయదు గానీ నమిలితే నోరు మండి చొంగ కారుస్తుంది.

వంటింటి విషయం త్వరగా చెబుతాను. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. పాయసంలో కిస్‌మిస్ ఉంటుందని పండగ పూట గుర్తుండదు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ కూడా అంతే. చేపల పులుసు వండిన రోజున ముళ్లున్న కంచాలు దొడ్లో పెట్టి మరిచిపోకూడదు. ఉడికిన కోడి ఎముక నిలువునా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. జ్వరమొచ్చిందని మన పారాసిటమాల్ మాత్రను కుక్కకు వేయకూడదు.

ఇక పడిపోయే చోట్లు. సంపు మూత, నీళ్ల తొట్టి, డాబా పిట్టగోడలోని కంతలు, రెయిలింగు లేని మెట్లు, గేటు కమ్మీల సందు అన్నీ చూసుకోండి. పిల్ల తల దూరే సందులో ఒళ్లూ దూరుతుంది. గేటుకు కిందివైపు అడుగున్నర ఎత్తున వల కడితే సరిపోతుంది. గ్రానైటు, టైల్సు నేల మీద కాళ్లు జారి తొడకీళ్లు దెబ్బతినకుండా, అది ఎక్కువగా తిరిగే చోట గోనెసంచులు పరవండి.

దాని చోటు

పిల్లకు ఇల్లంతా ఒకేసారి అప్పగించకండి. ముందు గదిలో ఒక మూల ఎంచుకుని, చుట్టూ అడ్డు పెట్టి, లోపల పాత బొంత పరచి, ఒక చివర నీళ్లు పెడితే చాలు. అంగట్లో ఇనుప బోను దొరుకుతుంది. మేము మాత్రం పాత నవారు మంచాన్ని అడ్డంగా నిలబెట్టి మూలకు ఆనించాం, మూడు నెలలు పనికొచ్చింది. నీళ్లకు బరువైన మట్టిపాత్ర మంచిది, తన్నినా ఒలకదు, నీళ్లూ చల్లగా ఉంటాయి. ఈ మూల ఫ్యాను గాలి తగిలేటట్టు, పడమటి ఎండ పడనట్టు ఉండాలి. తప్పు చేసినప్పుడు శిక్షగా అక్కడ పెట్టకూడదు. అలా చేస్తే అది పడుకోవలసిన చోటును చూసి భయపడుతుంది.

తెచ్చే రోజు, మొదటి మూడు రాత్రులు

పొద్దున్నే తీసుకురండి, పడుకునే వేళకు ఇంటి వాసన కొంత అలవాటవుతుంది. చెన్నై నుంచో విజయవాడ నుంచో హైవే మీద కారులో తెచ్చేవారు బయలుదేరడానికి మూడు గంటల ముందు నుంచీ తిండి పెట్టవద్దని అవతలివారికి చెప్పాలి. లేకుంటే దారిలో కక్కుకుంటుంది. తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. అక్కడ ఇన్నాళ్లూ ఏం తింటోందో కనుక్కుని, వారానికి సరిపడా అదే తిండి తెచ్చుకోండి. కొత్త తిండిని ఏడెనిమిది రోజుల్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి.

ఇంటికి రాగానే లోపలికి కాకుండా, అది మలమూత్రాలకు వెళ్లాలని మీరు నిర్ణయించుకున్న చోటికే నేరుగా తీసుకువెళ్లండి. అది పని కానిచ్చాక లోపలికి తేవచ్చు. మా అమ్మ వాకిట్లోనే ఆపి దిష్టి తీసింది, దానికి అభ్యంతరం లేదు; ఎర్రనీళ్లు నాకకుండా చూసుకుంటే చాలు. చుట్టుపక్కల పిల్లలు ఎత్తుకుంటామని వస్తారు, మూడు రోజులు ఆగి రమ్మనండి.

రాత్రి ఏడుస్తుంది. తల్లి, తోబుట్టువుల వెచ్చదనం మధ్య పడుకున్న పిల్ల మొదటిసారి ఒంటరిగా ఉన్నప్పుడు ఏడవక ఏం చేస్తుంది? వసారాలో కట్టేసి తలుపు వేసుకుంటే ఊరుకుంటుందనే పాత పద్ధతి నాకు నచ్చదు. దాని మూల పక్కనే మీరు చాప వేసుకుని పడుకోండి, ఏడ్చినప్పుడు చెయ్యి అందించండి, మాట్లాడకండి, ఆడించకండి. తల్లి వాసన ఉన్న గుడ్డ పక్కలో ఉంచండి. అర్ధరాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి అలారం పెట్టుకుని బయటికి ఎత్తుకుపోవాలి. చాలా పిల్లలు నాలుగో రాత్రికి కుదుటపడతాయి. అప్పటి నుంచి మీ చాపను రోజుకు రెండడుగులు వెనక్కి జరుపుకోవచ్చు.

వేళల పట్టిక

ఇక్కడే అసలు పని ఉంది. మా ఇంట్లో వంటింటి తలుపు వెనుక వేలాడే క్యాలెండరు పక్కనే ఒక కాగితం అతికించి, ప్రతి వేళకూ ఎదురుగా ఒక మనిషి పేరు రాశాం. పని చేసినవారు టిక్కు పెట్టాలి. రెండు నుంచి మూడు నెలల పిల్లకు మేము పాటించినది ఇది. ఉదయం అయిదున్నరకు లేవగానే బయటికి నాయన తీసుకువెళ్లారు. ఆరున్నరకు మొదటి తిండి, తిన్న పది పదిహేను నిమిషాలకు మళ్లీ బయటికి. కాసేపు ఆట, మళ్లీ బయటికి, తరువాత నిద్ర. పదకొండుకు రెండవ తిండి, మూడున్నరకు మూడవది, రాత్రి ఏడున్నరకు నాలుగవది. ఎనిమిదిన్నర తరువాత నీళ్లు తీసేసేవాళ్లం. ఎండాకాలంలో మాత్రం నీళ్లు ఎప్పుడూ తీయకూడదు. పదింటికి చివరిసారి బయటికి. మూడు నెలలు దాటాక తిండిని మూడు పూటలకు, ఆరు నెలలు దాటాక రెండు పూటలకు తగ్గించాలి.

పిల్ల రోజులో పద్దెనిమిది నుంచి ఇరవై గంటలు నిద్రపోతుంది. ఇది తెలియక, అది పడుకున్నప్పుడల్లా లేపి ఆడించే ఇళ్లలోనే కొరకడం, పిచ్చిగా పరుగులు పెట్టడం ఎక్కువ. సాయంత్రం ఏడింటికి మీ పిల్ల ఊరికే చీరకుచ్చిళ్లు పట్టుకుని లాగుతుంటే దానికి కావలసింది నిద్ర.

మలమూత్రాల శిక్షణకు సూత్రం చిన్నదే: లేవగానే, తిన్నాక, ఆడాక, పడుకునే ముందు, రోజూ అదే చోటికి, అదే తలుపు గుండా తీసుకువెళ్లడం. అక్కడ పని కాగానే, మూడు సెకన్ల లోపల, మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెట్టాలి. ఇంట్లోకి వచ్చాక పెడితే దేనికి పెట్టారో దానికి అర్థం కాదు. ఇంట్లో పాడు చేస్తే ముక్కు రుద్దడం, కొట్టడం వల్ల అది నేర్చుకునేది మీకు కనపడకుండా సోఫా వెనుక కానివ్వడం మాత్రమే. ఆ చోటును సబ్బునీళ్లతో కడిగి, తరువాత వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిస్తే వాసన పోతుంది. వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది.

మాటల విషయంలో మేము తిన్న దెబ్బ చెప్పాలి. వద్దని చెప్పడానికి అమ్మ “రాబాక” అనేది, నాయన “ఛీ” అనేవారు, మా అబ్బాయి “నో” అనేవాడు, నేను “వద్దు” అనేవాణ్ణి. నాలుగు మాటలకూ అది తోక ఊపేది. చివరికి అందరం “వద్దు” ఒక్కటే వాడాలని తీర్మానించుకున్నాక పది రోజుల్లో దారికి వచ్చింది. పిలుపుకు “రా”, కూర్చోవడానికి “కూర్చో”, పేరుకు రెండక్షరాల మాట ఏదైనా చాలు. ఆ మాటలను కూడా వేళల కాగితం మీదే రాసిపెట్టండి.

తిండి

మన ఇళ్లలో కుక్కకు పెరుగన్నమే తిండి. పెరుగన్నం చెడ్డది కాదు గానీ, ఎదిగే పిల్లకు అందులో మాంసకృత్తులు చాలవు. ఉడికించిన గుడ్డు, ఉప్పూకారం లేకుండా ఉడికించి ఎముకలు తీసేసిన కోడిమాంసం కలపాలి, లేదా పిల్లల కోసమే తయారుచేసిన పొడి తిండిని నీళ్లలో నానబెట్టి పెట్టాలి. గేదెపాలు చాలా పిల్లలకు విరేచనాలు తెస్తాయి. పెద్దజాతి పిల్లలకు కాళ్లు గట్టిపడతాయని కాల్షియం మందులు పోసేవారున్నారు. కాల్షియం ఎక్కువైతే ఎముకలు వంకర పోతాయి, కాబట్టి వైద్యుడు రాస్తే తప్ప ఇవ్వవద్దు.

టీకాలు, నట్టలు, గోమార్లు

తెచ్చిన రెండు మూడు రోజుల్లోనే పశువైద్యుడికి చూపించి, టీకా కార్డు తీసుకోండి. పార్వో (రక్తవిరేచనాల జబ్బు), డిస్టెంపర్ వంటి రోగాలకు కలిపి వేసే టీకాను ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు ఒకసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. ఒక్కటి వేస్తే చాలదా అని అడుగుతారు. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ టీకాను పని చేయనివ్వదు; ఆ రక్షణ ఏ వారంలో తగ్గుతుందో పిల్లపిల్లకూ మారుతుంది కనుక వరుసగా వేయాలి. రేబిస్ టీకా మూడు నెలలకు వేయించి, ఆపైన వైద్యుడు చెప్పిన తేదీలకు కొనసాగించాలి. పట్టణంలో ఉండేవారు పురపాలక కార్యాలయంలో కుక్క లైసెన్సు సంగతి కనుక్కునేటప్పుడు ఆ కార్డు దగ్గర ఉంచుకోవాలి.

టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద నడిపించవద్దు. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మీ ఇంట్లో అంతకుముందు కుక్క ఏదైనా రక్తవిరేచనాలతో పోయి ఉంటే, సిమెంటు నేలను ముప్పై వంతుల నీళ్లకు ఒక వంతు బ్లీచు ద్రావణం కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి, మట్టి పెరట్లోకి మాత్రం కొత్తపిల్లను వదలకూడదు. అలాగని నాలుగు నెలలు ఇంట్లోనే బంధించడమూ తప్పే. లోకాన్ని చూసి బెదరకుండా ఉండడం కుక్క నేర్చుకునేది మూడు నుంచి పద్నాలుగు వారాల లోపే. చంకన ఎత్తుకుని ట్రంకు రోడ్డు మీది బస్సులు, గుడి మైకు, ఆటోలు, కుక్కరు విజిలు, గొడుగు పట్టుకున్న మనిషి, బర్రెల మంద అన్నీ చూపించాలి.

నట్టల (కడుపులోని పురుగుల) మందు రెండు వారాల వయసు నుంచి మూడు నెలల దాకా రెండు వారాలకొకసారి, తరువాత ఆరు నెలల దాకా నెలకొకసారి వేస్తారు. కొంకి పురుగుల పిల్లలు మనుషుల పాదాల చర్మం గుండా కూడా లోపలికి పోతాయి, కాబట్టి పెరట్లో చెప్పులు లేకుండా తిరిగే పిల్లలున్న ఇళ్లు దీన్ని వాయిదా వేయకూడదు. తేమా వేడీ కలిసిన మన తీరంలో గోమార్ల (పిడుదుల) బెడద ఏడాది పొడవునా ఉంటుంది. అవి రక్తం తాగడంతో ఆగక ఎర్లీకియా, బబీసియా వంటి జ్వరాలు అంటిస్తాయి. రోజూ సాయంత్రం చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద వెతకాలి. గొడ్లకు వాడే పిడుదుల మందును కుక్కపిల్లకు పూయడం చాలా ప్రమాదం.

పిల్ల ఆడుతూ పన్ను గీరినా, దానికి ఇంకా రేబిస్ టీకా పడలేదని మరవకండి. గాయాన్ని ధారగా పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పసుపూ కారమూ పెట్టకుండా అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి.

ఎండ, వాన

కుక్కకు మామూలుగా ఉండే వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. విపరీతంగా ఎగరోజడం (రొప్పడం), చిక్కటి చొంగ, తూలడం కనిపిస్తే వడదెబ్బ. నీడకు చేర్చి, మామూలు చల్లనీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాను కింద ఉంచి, వైద్యుడి దగ్గరికి బయలుదేరాలి. ఐసు నీళ్లు పోయకూడదు. వాన రోజుల్లో నీళ్లు నిలిచిన వీధుల్లో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ వ్యాపిస్తుంది, మనకూ కుక్కకూ. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చూశాం కదా. వానాకాలానికి ముందే పిల్ల తిండి వారానికి సరిపడా డబ్బాలో పోసి మూత బిగించి, టీకా కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి ఎత్తున ఉంచాలి.

టీకాలన్నీ అయ్యాక మొదటిసారి వీధిలోకి నడిపించే రోజున ఉదయం ఆరు దాటకముందే వెళ్లండి. ఆలస్యమైతే ముందు మీ అరచేతి వెనుక భాగాన్ని తారురోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు అంతసేపు ఉంచలేకపోతే, ఆ పూటకు పిల్లను పెరట్లోనే తిప్పి లోపలికి తీసుకురండి.